ఒక్కరోజులో అయిపోయిన ఆల్బం



“మన పాటలే ఒక్కొక్కటి పోతున్నయి, మీరేమో ఆ ఇంగ్లీషోళ్ల గోల పెట్టుకుని కూర్చుంటరు. ఎందుకు తమ్మీ?” అని మన గ్రూపులో ఒక అన్న అడిగిండు. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది. అందుకే నవ్వు బొమ్మ ఒకటి పెట్టి వదిలెయ్యకుండా వివరంగా రాస్తున్నం. మేమంటే ఒకే హాస్టల్ గదిలో ఉండే నలుగురం. ఇద్దరం గోండులం, ఒకరు కోయ, ఒకరు కొలాం. మేం వినే ఆ ‘గోల’ పేరు బ్లాక్ సబ్బత్. వాళ్ల మొట్టమొదటి ఆల్బం పేరు కూడా అదే. 1970 ఫిబ్రవరి 13న ఇంగ్లండులో విడుదలైంది. మన అమ్మానాన్నల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు.

ముందు వాళ్లెవరో చెప్తం. టోనీ అయోమీ గిటార్, గీజర్ బట్లర్ బేస్ గిటార్, బిల్ వార్డ్ డ్రమ్స్, ఓజీ ఆస్బర్న్ గొంతు. నలుగురిదీ బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ ప్రాంతం. అది ఫ్యాక్టరీల ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ ఊరు. ఆ శిథిలాలు ఇంకా పూర్తిగా తియ్యకముందే, 1948, 49ల్లో వీళ్లు పుట్టారు. పెద్దయ్యాక ఓజీ పశువుల వధశాలలో పనిచేశాడు. కార్ల హారన్లు సరిచూసే పనీ చేశాడు. ఒక దొంగతనం కేసులో కొన్ని వారాలు జైల్లో ఉన్నాడు. బిల్ వార్డ్ బొగ్గు మోశాడు. ఆల్బం రికార్డు చేసేనాటికి నలుగురి వయసు ఇరవై, ఇరవై ఒకటి. అంటే మన డిగ్రీ పిల్లల వయసే.

టోనీ అయోమీ సంగతి మాత్రం కొంచెం నిలబడి చెప్పుకోవాలి. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక బ్యాండులో చోటు దొరికింది, పని మానేస్తున్నాడు. చివరి రోజు మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, ఇక పోనన్నాడు. మొదలుపెట్టిన పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపింది. ఆ పూటే ప్రెస్సు మిషన్ కింద కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే తీగల మీద నొక్కి పట్టాల్సింది ఆ కుడిచేతి వేళ్లే. ఇక గిటార్ పట్టలేవని డాక్టర్లు చెప్పేశారు.

అప్పుడు ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. జాంగో యూరప్‌లోని రోమా జాతివాడు. బండి ఇళ్లల్లో తిరుగుతూ బతికే సంచార జాతి వాళ్లది. వాళ్ల మూలాలు వందల ఏళ్ల కింద మన ఉత్తర భారతం నుంచే పోయాయని భాషా పండితులు చెప్తారు. 1928లో బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోతే, మిగిలిన రెండు వేళ్లతోనే వాయించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అది విన్నాక టోనీ ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి కొసలకు టోపీల్లాగ చేసుకున్నాడు. తీగ జారకుండా పైన తోలుముక్క అంటించాడు. మామూలు తీగలు నొప్పి పుట్టిస్తుంటే బాంజో తీగల్లాంటి సన్నటివి కట్టుకున్నాడు. ఈ ముచ్చట మొదటిసారి తెలిసినప్పుడు మాకు రాత్రంతా అదే చర్చ. ఒక ఫ్యాక్టరీ కుర్రాడిని మళ్లీ లేపింది ఎవరు? ఊరూరా తరిమేసిన జాతికి చెందిన ఒక మనిషి పాట.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలె. వేళ్లు తెగితేనే కళ వస్తుందనీ, కష్టాలు పడితేనే గొప్పోళ్లమవుతమనీ మేం అనడం లేదు. ఆ మాట మనకు చాలామంది చెప్తుంటారు. హాస్టల్లో మంచినీళ్లు లేకపోయినా, ఊరికి రోడ్డు లేకపోయినా “కష్టపడితేనే పైకొస్తరు” అంటారు. తెగిన వేలు తెగిన వేలే. ఆ ఫ్యాక్టరీలో మిషన్ సరిగ్గా ఉంటే టోనీ ఇంకా బాగా వాయించేవాడేమో, ఎవరికి తెలుసు. మాకు నచ్చింది దెబ్బ కాదు. దెబ్బను దాచకుండా, ఉన్న చేతితో కుదిరేలా వాయిద్యాన్నే మార్చుకున్న తీరు.

ఆల్బం కూడా అలాగే ఉంటుంది. 1969 అక్టోబరు 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో సుమారు 12 గంటల్లో రికార్డు చేశారు. ఖర్చు దాదాపు 600 పౌండ్లు. నిర్మాత రోజర్ బెయిన్. వాళ్లు క్లబ్బుల్లో రోజూ వాయించే పాటల్నే వరసగా వాయించి, తర్వాత స్విట్జర్లాండులో ప్రోగ్రాం ఉంటే పోయారు. ఒక పాట అయ్యేసరికి టోనీ గిటార్ పికప్ చెడిపోయింది. అంటే తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క. బాగు చేయించే టైము లేక, పక్కన పెట్టుకున్న గిబ్సన్ ఎస్‌జీ గిటార్‌తో మిగతావన్నీ వాయించాడు. తర్వాత జీవితాంతం ఆ రకం గిటారే అతని గుర్తయింది.

వినడానికి ఎలా ఉంటుందంటే: మొదటి పాటకు ముందు వర్షం, ఉరుము, దూరంగా చర్చి గంట. వాటిని తర్వాత కలిపారు. ఆ వెంటనే గిటార్ మీద నింపాదిగా మూడు దెబ్బలు. కింది స్వరం, అదే స్వరం పై స్థాయిలో, ఆ తర్వాత దానికి అస్సలు పొసగని ఇంకో స్వరం. కర్ణాటక సంగీతం తెలిసినోళ్లకు చెప్పాలంటే షడ్జం నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న దూరం. మన దేశంలో ఆ దూరం ఎన్నో రాగాల్లో మామూలే. యూరప్ పాత పండితులు మాత్రం దానికి ‘సంగీతంలో దయ్యం’ అని పేరు పెట్టారు. ఆ మూడు దెబ్బలే తిరిగి తిరిగి వస్తుంటాయి. ఓజీ గొంతు అందంగా ఉండదు. భయపడ్డ మనిషి గొంతులా ఉంటుంది. ‘ది విజార్డ్’ పాటలో అతను మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు. ‘ఎన్.ఐ.బి.’కి ముందు గీజర్ బేస్ గిటార్ ఒక్కటే కాసేపు మాట్లాడుతుంది. బిల్ వార్డ్ జాజ్ విని పెరిగినోడు కాబట్టి, అంత బరువైన పాటలోనూ డ్రమ్స్ ఊగుతుంటాయి. మొత్తం 38 నిమిషాల చిల్లర.

“అదే అదే తిప్పి కొడుతున్నరు గదా” అని పక్క గదివాళ్లు అంటారు. దండారిలో గుమేల, డోలు వాయించేటప్పుడు బయటివాళ్లు అనేది కూడా ఇదే మాట. బయట నిలబడితే ఒకే దెబ్బ. వలయంలో కాలు కలిపినోళ్లకు తెలుస్తది, ప్రతి చుట్టుకూ ఏదో కొంచెం మారుతుందని. మాలో ఇద్దరు దండారిలో ఆడినోళ్లే. వాళ్లకు ఈ ఆల్బం ఎవరూ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఆల్బం వచ్చినప్పుడు విమర్శకులు చాలామంది ఎగతాళి చేశారు. అమెరికాలో రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ తిట్టిపోశాడు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ చార్టులో 8వ స్థానం దాకా, అమెరికాలో 23 దాకా పోయింది. తర్వాత 2003లో అదే రోలింగ్ స్టోన్ తన 500 గొప్ప ఆల్బంల జాబితాలో దీన్ని చేర్చుకుంది. హెవీ మెటల్ అనే సంగీతానికి ఇదే మొదలని ఇప్పుడు చాలామంది లెక్క.

విమర్శ కన్నా మాకు గుచ్చుకున్న సంగతి ఇంకోటుంది. రికార్డు అట్ట లోపల తలకిందుల సిలువ బొమ్మ అచ్చేశారు. బ్యాండును అడగలేదు. కంపెనీ పనే అది. గీజర్ క్యాథలిక్ ఇంట్లో పెరిగినోడు. మొదటి పాటలో మనిషి దయ్యాన్ని చూసి దేవుడా కాపాడమని మొత్తుకుంటాడు. అయినా ఆ అట్ట చూసి లోకం వీళ్లను దయ్యాన్ని కొలిచేవాళ్లుగా ముద్ర వేసింది. ఆ ముద్ర వదిలించుకోడానికి వాళ్లకు ఏళ్లు పట్టింది.

ఈ బాధ మనకు కొత్త కాదు. మాకు తెలిసిన ఒక కాలేజీ ఫంక్షన్‌లో మన పిల్లల్ని గుస్సాడీ ‘ఐటమ్’ చెయ్యమన్నారు. మూడు నిమిషాలే టైము. దీపావళి రోజుల్లో దీక్షతో పెట్టుకునే నెమలి ఈకల టోపీని ఏ కాలంలోనైనా తెచ్చి పెట్టుకోవాలె. పాట అక్కర్లేదు, వెనక సినిమా మ్యూజిక్ వేస్తమన్నారు. మన దేవుణ్ణి మన ముందే అట్ట మీద బొమ్మ చేసినట్టు. పిల్లలు ఒప్పుకోలేదు. వేదిక పోయింది, మాట మిగిలింది.

ఇప్పుడు అన్న అడిగినదానికి జవాబు. ఈ ఆల్బం మమ్మల్ని పట్టుకోవడానికి కారణం ఇంగ్లీషు కాదు, ఫ్యాషనూ కాదు. వేరే ఎవరి చెవికోసమూ సవరించుకోని పాటలు అందులో ఉన్నయి. బర్మింగ్‌హామ్ యాస, ఫ్యాక్టరీ బరువు, భయం, తెగిన వేళ్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. బాగా డబ్బులొచ్చాక, మంచి స్టూడియో దొరికాక చేద్దామనుకుని ఉంటే ఆ 38 నిమిషాలు పుట్టేవే కావు. ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్నది ఆ ఒక్క రోజే.

2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో ఆ నలుగురూ కలిసి చివరిసారి వాయించారు. ఓజీ పెరిగిన వీధులకు అది దగ్గరే. జులై 22న ఓజీ చనిపోయాడు. మనిషి పోయాడు గానీ, ఇరవై ఏళ్ల వయసులో ఆ రోజు పాడిన గొంతు ఇప్పుడు మా ఫోన్లో ఉంది.

మన దగ్గర చూడండి. గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకుపోయిన మార్లవాయి కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు పాడిన మణుగూరు ప్రాంతం సకిని రామచంద్రయ్య తాతకు 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. వాళ్లకు అవార్డు వచ్చింది కాబట్టి కొన్ని వీడియోలైనా ఉన్నాయి. అవార్డు రాని అవ్వలు, తాతలు మన ప్రతి గూడెంలో ఉన్నారు. కిక్రి, పెప్రె వాయించే పర్ధాన్ పెద్దలు ఉన్నారు. వాళ్ల పాట ఎక్కడుంది?

“మంచి మైకు కావాలె”, “పరీక్షలయ్యాక చూద్దాం”, “ప్రాజెక్టు శాంక్షన్ కావాలె” అని అందరం అనేదే. అందుకే మా నలుగురం ఒకటి అనుకున్నం. వచ్చే సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక్కరోజు, ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుంటం. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ బందు చేసి, పాట మొదటి నుంచి చివరి దాకా మధ్యలో ఆపకుండా రికార్డు చేస్తం. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ పండుగకు, ఏ పనికి పాడతారో వాళ్ల నోటితోనే చెప్పించుకుంటం. ముందు అనుమతి అడుగుతం. పెర్సపేన్ దగ్గర మాత్రమే పాడాల్సినవి, బయటికి పోకూడనివి ఉంటే ఫోన్ పక్కన పెట్టేసి ఉత్తగ వింటం. వాటిని కాపాడే పద్ధతి పెద్దలే చెప్పాలె. రికార్డయిన దానికి సినిమా మ్యూజిక్ కలపం. మధ్యలో కోడి కూసినా, అవ్వ దగ్గినా తియ్యం.

అన్నా, నువ్వు అడిగినందుకు కోపం లేదు, సంతోషమే. నీ ఊళ్లో పాడేవాళ్లు ఎవరున్నారో కింద రాయి. దారి దగ్గరైతే మేమే వస్తం.