ఎడారి దారికి మూట

తీర్థయాత్రకు బయలుదేఱువారికి మూట కట్టుట మన యిండ్లలో ఆడువారి పని. ఏది ముందు చెడిపోవునో, ఏది తుదివఱకు నిలుచునో, ఏది పైన నుండవలెనో, ఏది అడుగున నుండవలెనో మన తల్లులకు తెలిసినట్లు మఱెవ్వరికిని తెలియదు. నేనును అట్టి యింటనే పుట్టితిని. అయినను ఏబదియొకటవ యేట నా మూట నేను కట్టుకొనవలసి వచ్చినప్పుడు తప్పు కట్టితిని. విప్పి, మఱల తప్పు కట్టితిని. ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేనుండునది ఆస్ట్రేలియా దేశమున అడిలైడు నగరము. పుట్టినిల్లు తెనాలి. ఇరువది రెండేండ్లుగా ఇచట ఒక వృద్ధాశ్రమమున నర్సుగా పనిచేయుచున్నాను. భర్త గతించి ఆరేండ్లయినది. ఒక్కతే కూతురు, చదువు ముగించి ఉద్యోగమున చేరినది. మోటారు సైకిలు నడుపుట నలుబదియైదవ యేట నేర్చితిని. ఆ బండిపై ఒంటరిగా ఈ ఖండపు నడిబొడ్డునకు పోయి రావలెనని నా సంకల్పము. ఎందులకని అడిగినవారికి నావద్ద మంచి జవాబు లేదు. ఆశ్రమమున ఒక ముసలమ్మ తన చిన్ననాటి కథలు చెప్పుచు ఆ దారి పేరు దినమునకు పదిమాఱులు తలచుచుండెడిది. విని విని నాకును ఆ పేరు ఇంటి పేరువలె నైపోయెను.

అడిలైడునకు ఉత్తరముగా పోగా పోగా పొలములు సన్నగిలి, చెట్లు కుఱుచలై, తుదకు ఎఱ్ఱనేలయు ఆకాశమును మాత్రము మిగులును. ఆ లోనాటిని ఇచటివారు ఔట్‌బ్యాక్ అందురు. అందు మారీ అను చిన్న యూరినుండి మార్లా అను మఱియొక చిన్న యూరివఱకు ఊడ్నడాట్టా ట్రాకు అను మట్టిబాట కలదు. పొడవు సుమారు 620 కిలోమీటర్లు. దాని వెంబడి అక్కడక్కడ నీటి ఊటలున్నవి. ఆ ఊటల నెఱిగిన ఆదిమజాతులవారు వేలయేండ్లుగా ఆ త్రోవనే నడచిరి. 1872 లో పూర్తియైన తంతితీగెయు, 1891 లో ఊడ్నడాట్టాకు చేరిన పొగబండియు ఆ ఊటలను నమ్ముకొనియే ముందుకు పోయినవి. ఆ రైలుదారి 1980 లో మూతబడినది. కూలిన స్టేషనులును వంతెనలును నేటికిని చూడవచ్చును. ఒంటెలపై ఆ సీమకు సరకులు మోసినవారిలో ఆనాటి అవిభక్త భారతమునుండి వచ్చిన బలూచీలు, పంజాబీలు కూడ నుండిరని తెలిసినప్పుడు నాకేదో చుట్టఱికము కలిసినట్లు తోచెను.

బాట మధ్యలో విలియం క్రీకు, ఊడ్నడాట్టా అను రెండు చోట్ల మాత్రము పెట్రోలు దొరకును. చోటికి చోటికి నడుమ రెండువందల కిలోమీటర్లు, కొంచెము అటు ఇటుగా. విలియం క్రీకు చుట్టునున్నది ఒకే ఒక పశువుల క్షేత్రము. దాని వైశాల్యము మన అవిభక్త కృష్ణాజిల్లాకు రెండింతలకు కొలది తక్కువ. వేసవిలో అటు పోవుట అవివేకము. 1960 జనవరి 2 వ తేదీన ఊడ్నడాట్టాలో 50.7 డిగ్రీల యెండ కాసినది. మే మొదలు ఆగస్టు వఱకు పగలు హాయిగా నుండును. రాత్రులు మాత్రము వ్రేళ్ళు కొంకరలు పోవును. వాన కురిసినచో బాటను మూసివేయుదురు. మూసిన బాటపై పోయినవారికి జరిమానా వేయుదురు. కావున తేదీ నిశ్చయించుకొనుట మన చేతిలో సగము, మేఘుని చేతిలో సగము.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డు హిమాలయన్. తెనాలిలో మా అన్నయ్యకు బుల్లెట్టు బండి యుండెడిది. దానిపై వెనుక కూర్చుండుటయే గాని, ముందు కూర్చుండవచ్చునని నాకుగాని మఱెవ్వరికిగాని తోచలేదు. ఈ దేశమునకు వచ్చిన పిదప ఒక సంగతి తెలిసినది. 1950 డిసెంబరులో విన్నిఫ్రెడ్ వెల్సు అను 22 ఏండ్ల యువతి 350 బుల్లెట్టుపై ఒంటరిగా సిడ్నీనుండి బయలుదేఱి పెర్తుకు పోయి, పిదప తిరిగి వచ్చినది. నడివేసవిలో, నల్లార్బారు మైదానము మీదుగా, సుమారు 8,800 కిలోమీటర్లు 21 దినములలో నడపినది. ఆ బండి ఆనాడు ఇంగ్లండున తయారగుచుండెను. 1955 లో గాని మన మద్రాసులో మొదలు కాలేదు. ఆమె కథ విన్ననాటినుండి నాకు గర్వము పెరిగినది. ఉపగ్రహములు, దూరవాణులు లేని కాలమున ఇరువది రెండేండ్ల పిల్ల చేసిన పని నాకేమి కష్టమనుకొంటిని. గర్వముతో కట్టిన మూట ఎప్పుడును బరువుగనే యుండును కాబోలు!

ఏమేమి కొంటినో చెప్పుటకు సిగ్గుగా నున్నది. ఐదేసి లీటర్ల పెట్రోలు డబ్బాలు రెండు, గుడారము, మడత కుర్చీ, మడత బల్ల, రెండు పొయ్యిలు, మూడు గిన్నెలు, చిన్న కుక్కరు, బియ్యము, పప్పు, ఆవకాయ, పనిముట్ల పెట్టె, గాలిపంపు, చక్రముల లోపలి ట్యూబులు నాలుగు, పుస్తకములు ఐదు. ఒంటరిగా పోవువారికి సాయము చేయువారుండరు గనుక అన్నియు మనవద్దనే యుండవలెనని నా తర్కము.

వీనితోపాటు అఱచేతిలో నిముడు పసుపుపచ్చని యంత్ర మొకటి కొంటిని. ప్రాణాపాయము కలిగినప్పుడు మీట నొక్కినచో ఉపగ్రహముల ద్వారా కాన్‌బెర్రాలోని రక్షణ కేంద్రమునకు మన జాడ తెలియును. కొన్న వెంటనే దానిని ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను, రుసుము లేదు. ఆ పత్రమున, సంకేతము వచ్చినప్పుడు పిలువదగిన వారి పేర్లు అడుగుదురు. నేను ఆలోచింపకయే కూతురి పేరు వ్రాసి, చూపితిని.

ఆమె చదివి, పత్రమును బల్లపై తిరుగవేసి పెట్టినది.

"నా పేరు రాయకమ్మా" అనెను.

తండ్రి పోయిన రాత్రి నేను పనిలో నుంటిని. ఆసుపత్రివారు ముందు పిలిచినది దానినే. పదునెనిమిదేండ్ల పిల్ల ఆ మాట విని, మఱల నాకు చెప్పవలసి వచ్చినది. ఆ రాత్రిని గూర్చి మే మిరువురము ఎన్నడును మాటలాడుకొనలేదు. పత్రమున ఆ గడి నింపునప్పుడు నాకది తట్టనే లేదు. ఎన్ని సామానులు జ్ఞాపకముంచుకొంటిని! ఇది మఱచితిని.

రెండు దినములైన పిదప అదియే వచ్చి, "అమ్మమ్మకు చెప్పావా?" అని అడిగెను. చెప్పలేదంటిని. ఎనుబదియొక యేండ్ల మనిషిని బెదరగొట్టుట యెందులకని నా యభిప్రాయము. "నీకేమైనా అయితే ఆవిడకు చెప్పాల్సింది నేనేగా! ముందు నువ్వు చెప్పు. తర్వాత నా పేరు సంగతి చూద్దాం" అనెను.

ఆ ఆదివారము తెనాలికి ఫోను చేసితిని. మా అమ్మ యేడ్చుననుకొంటిని, తిట్టుననుకొంటిని. రెండింటికిని జవాబులు సిద్ధము చేసికొంటిని. ఆమె అంతయు విని, కొంతసేపు ఊరకుండి, "అది పడితే నువ్వు ఒక్కదానివే లేపగలవుటే?" అని మాత్రము అడిగెను. మా నాన్నగారు బియ్యపు బస్తాలు ఎత్తించు వ్యాపారము చేసిరి. బరువు సంగతి ఆమెకు తెలియును.

లేపగలనంటిని. ఎన్నడును లేపి చూడలేదు.

మఱునాడు ఉదయము సామానంతయు కట్టి, పెరటిలో గడ్డిమీద బండిని మెల్లగా ప్రక్కకు ఒరగవేసితిని. బండి బరువు దాదాపు 200 కిలోలు. సామాను తూచగా 62 కిలోలు. వీపు బండికి ఆనించి, గొంతుకూర్చుండి, ఒక చేత చేపిడిని, ఒక చేత వెనుక కడ్డీని పట్టుకొని, నడుముతో గాక కాళ్ళతో వెనుకకు నెట్టవలెనని నేర్పియుండిరి. అట్లే చేసితిని. బండి జానెడు లేచి మఱల పడినది. నాలుగుమాఱులు ప్రయత్నించితిని. తుదకు గడ్డిమీద కూర్చుండిపోతిని. కూతురు వంటింటి కిటికీలోనుండి చూచుచు నిలువబడెను గాని, సాయమునకు రాలేదు. రాకుండుటయే న్యాయము, అక్కడ వచ్చువా రెవ్వరు?

అప్పుడు మూట విప్పితిని. పెట్రోలు లెక్క మఱల వేసితిని. టాంకులో 15 లీటర్లు పట్టును. మట్టిబాటలో లీటరునకు 25 కిలోమీటర్లు వచ్చినను 375 కిలోమీటర్లు పోవచ్చును. రెండువందలకు ఒక చోట దొరకుచుండగా డబ్బా లెందులకు? భయమునకు మోసిన బరువు ఎనిమిది కిలోలు! కుర్చీ, బల్ల, కుక్కరు, ఒక పొయ్యి, నాలుగు పుస్తకములు ఇంటిలోనికి తిరిగి వచ్చినవి. నీటి విషయములో మాత్రము తగ్గలేదు. మనిషికి దినమునకు ఐదు లీటర్లయినను ఉండవలెను; లీటరు నీరు కిలో బరువు. ఎనిమిది లీటర్లు మూడు వేఱువేఱు సంచులలో పోసితిని. ఒకటి చినిగినను తక్కినవి యుండును. మొత్తము 34 కిలోలు. పెద్ద సంచి విప్పి ప్రక్కన పెట్టి లేపినచో బండి లేచినది. రెండవమాఱు కూడ లేచినది.

పిదప పరీక్షార్థము హాకరు అను ఊరిమీదుగా పోయి, పారచిల్నా కనుమలోని మట్టిబాటపై రెండు దినములు నడపి వచ్చితిని. ఈ బాటలు ఇనుప రేకుల కప్పువలె వరుసలు వరుసలుగా గట్టిపడి యుండును. వానిపై బండి పోవునప్పుడు పండ్లు కూడ అదరును. రెండు తువాళ్ళలో చుట్టి పెట్టిన గాజుసీసా ఆ అదరుడునకు పగిలి, ఆవకాయ నూనె పడకసంచిలోనికి ప్రవహించినది. ఆ రాత్రి ఆ వాసనలో, గాజుపెంకుల భయముచే ఒక్క ముక్కయు నోట పెట్టుకొనకుండ పడుకొంటిని. తెలుగుదాని కింతకంటె శిక్ష యేమి కలదు! ఇప్పుడు కందిపొడి, చింతపండు పులుసు ముద్ద, అటుకులు, వేయించిన సెనగపప్పు గుడ్డసంచులలో పెట్టుకొన్నాను. ఊరగాయ మానుకొంటిని.

మగవారివలన భయము లేదా యని అడిగినవారు పలువురు. ఉన్నది. కావున ఊరి హద్దుదాటి గుడారము వేయను. హోటలు ఆవరణలలోనే దిగుదును. పెట్రోలు పోయించుకొనుచోట రాత్రి బస యెక్కడని అడిగిన యపరిచితునకు నిజము చెప్పను. అయినను ఆ దారిలో ప్రాణము తీయునవి దప్పిక, అలసట, ప్రొద్దుగుంకువేళ బాటకు అడ్డముగా దుముకు కంగారూలు. కనుక ప్రొద్దు వాలకమునుపే దిగవలెనని నియమము పెట్టుకొంటిని.

మందుల విషయమున ఒక మంచి పద్ధతి చూచి నేర్చితిని. 1928 నుండి ఈ సీమలో విమానములపై వచ్చు వైద్యుల సంస్థ యున్నది. దూరపు క్షేత్రములలోని యిండ్లలో ఆ సంస్థ మందులపెట్టె నుంచును. అందలి ప్రతి మందునకును ఒక అంకె యుండును. వైద్యుడు దూరమునుండి ఆ అంకె చెప్పినచో ఇల్లాలు తీసి యిచ్చును. నేనును నా పొట్లములకు అంకెలు వేసి, పట్టీ యొకటి కూతురికిచ్చితిని.

పట్టీ పుచ్చుకొన్న రాత్రి అది తానుగా నమోదు పత్రము తెచ్చి నా ముందు పెట్టినది. బేరము మొదలైనది. ప్రతి సాయంకాలము ఏడు గంటలలోపల ఉపగ్రహపు పరికరమునుండి "క్షేమము" అను మాట పంపవలెను. రానిచో రాత్రి తొమ్మిదికే పోలీసులను పిలుతునని అది. పరికరము చెడినంతమాత్రమున విమానములు లేవదీయించుట తగదని, మఱునాటి మధ్యాహ్నము వఱకు ఆగవలెనని నేను. చాలసేపు వాదించుకొంటిమి. తుదకు మఱునాటి ఉదయము తొమ్మిది గంటలని నిశ్చయించితిమి. రాత్రంతయు మేలుకొని యుండవలసినది తానేనని అది అనలేదు, నాకు తెలియును.

దానికి బదులుగా ఒక మాట వ్రాసి యీయుమనినది. 1963 డిసెంబరులో, ఈ బాటకు తూర్పుననున్న బర్డ్స్‌విల్ ట్రాకుపై ఒకే కుటుంబములోని ఐదుగురు, ఆగిన కారును విడిచి నడచిపోయి, దప్పికతో మరణించిరి. ఆ కథ అది ఎక్కడనో చదివినది. "బండి ఆగితే బండి దగ్గరే ఉంటాను, ఎక్కడికీ నడవను" అని తెలుగులో వ్రాయించి, చేవ్రాలు పెట్టించి, పత్రము క్రింది గడిలో తన పేరు తానే వ్రాసినది. నాకంటె చక్కని దస్తూరి.

ఎల్లుండి ప్రయాణము. నేటి ఉదయము అమ్మ తానే ఫోను చేసి, "బండి ఏ రంగే?" అని అడిగెను. నలుపంటిని. "నల్లది పైనుంచి విమానం వాళ్ళకేం కనపడుతుంది? పోయినసారి పంపిన ఎర్ర చీర ఉందిగా, అది పెట్టుకో. నేలమీద పరిచావంటే ఆమడ దూరం కనపడుతుంది" అనెను. ఎఱ్ఱనేలపై ఎఱ్ఱచీర యేమి కనబడునని అనబోయి ఊరకుంటిని. కూతురు ప్రక్కనుండి, "అంచు తెలుపుగా, వెడల్పుగా ఉంది అమ్మమ్మా, కనపడుతుంది" అని చెప్పి, చీరను తెచ్చి, మడత విప్పకుండ త్రాసులో పెట్టి, పట్టీలో చివఱ వ్రాసెను: మంగళగిరి చీర, 480 గ్రాములు.