వేదాద్రి రేవులో నీటి లెక్క

జగ్గయ్యపేట దాటాక వేదాద్రి రోడ్డుకు అటూ ఇటూ నల్లరేగడి చేలు, ఎర్రబడ్డ మిరప తోటలు. బస్సులో మా సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు పిల్లలు, వాళ్ల కాళ్ల దగ్గర నీటి వేగం కొలిచే కరెంట్ మీటరు పెట్టె, తాళ్లు, ఖాళీ సీసాలు. యోగానంద నరసింహస్వామిని దర్శించుకుని రేవులోకి దిగాం. ఇక్కడి పంచ నరసింహుల్లో సాలగ్రామ మూర్తి కృష్ణ గర్భంలోనే ఉన్నాడని స్థలపురాణం.

గుడికి దిగువన మోకాలి లోతు పాయ ఎంచుకున్నాం. గుండాలు ఎక్కడున్నాయో ఊరి పెద్దాయన ముందే చూపించాడు. ఒడ్డు నుంచి ఒడ్డుకు తాడు కట్టి, మీటరుకో రిబ్బను ముడేశాం. ప్రతి ముడి దగ్గరా లోతు కొలవాలి, పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో మీటరు పట్టుకుని దాని చక్రం చుట్లు లెక్కపెట్టాలి. ఒకమ్మాయి మీటరుకు సరిగ్గా ఎదురుగా నిలబడింది. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఆ పెద్దాయనే, "నీ కాళ్లకు తగిలి నీళ్లు చెదిరిపోతున్నాయమ్మా, పక్కకు జరుగు" అన్నాడు. "అవును బాబాయ్!" అని జరిగింది. మళ్లీ లెక్కపెడితే చుట్లు పెరిగాయి. మీటరుకు ఎదురుగా నిలబడకూడదనే వాక్యాన్ని పుస్తకంలో పిల్లలు ఎన్నిసార్లు చదివారో, ఇప్పుడు మాత్రం ఎవరూ మరిచిపోరు.

తర్వాత నీటి పైవేగం చూడటానికి కొబ్బరి చిప్పలు వదిలారు. అడుగున నేల పట్టి లాగుతుంది కాబట్టి నీటి సగటు వేగం పైవేగం కంటే తక్కువ. అందుకే చిప్ప వేగాన్ని 0.85తో గుణించాలి. రెండు పద్ధతుల జవాబులూ దగ్గరకొచ్చేసరికి పిల్లలు కేరింతలు కొట్టారు.

లెక్కల మధ్య వరదల మాట వచ్చింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటిందని అందరూ టీవీలో విన్నవాళ్లే. క్యూసెక్కంటే సెకనుకు 28.3 లీటర్లు. 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు జాతీయ రహదారి మీదికి రావడం కళ్లారా చూసిన నందిగామ కుర్రాడు ఆ అంకెను కాసేపు లీటర్లలోకి మార్చుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ల్యాబ్‌లో నది నీళ్లు, ఊరి బావి నీళ్లు పక్కపక్కనే పెట్టి కాఠిన్యం కొలిచాం. సున్నపురాయి నేల కదా, బావి నీళ్లు కఠినంగా ఉంటాయని అనుకున్నాం. బఫరు, సూచిక వేస్తే ద్రాక్షరంగు. బ్యూరెట్టులోంచి ఈడీటీఏ చుక్కచుక్కగా పడుతుంటే నది నీరు తొందరగా నీలమైంది. బావి నీటికి చుక్కలు పడుతూనే ఉన్నాయి. "మా అమ్మ పప్పు ఉడకడం లేదనేది ఇందుకేనా సార్?" అని అడిగింది ఒకమ్మాయి. ఇందుకేనమ్మా.

ఈ పనులన్నీ పరీక్షలో "విధానము రాయుము" అనే ప్రశ్నలుగా మిగిలిపోవడం నాకు బాధ. నీళ్లలో దిగని సివిల్ విద్యార్థికి డిగ్రీ ఇవ్వకూడదనే నా పట్టుదల.

కీసర దగ్గర మున్నేటి మీద కేంద్ర జల సంఘం కొలత కేంద్రం ఉంది. వర్షాకాలంలో అక్కడ ప్రవాహం ఎలా కొలుస్తారో చూపించమని అనుమతి కోరుతూ ఉత్తరం రాశాం. కింద పిల్లలందరూ సంతకాలు పెట్టారు.