నూరు మైళ్ల సవారి

గుర్రపు సవారిని గూర్చి పల్లె సంఘములవారికి ఏల వ్రాయవలెనని మీరు అడుగవచ్చును. మన ప్రత్తి చేలగట్లపై గుర్రమెక్కి తిరుగువారు నేడు లేరు. పెండ్లి ఊరేగింపులో తప్ప గుర్రమును దగ్గరగా చూడని పిల్లలే ఎక్కువ. అయినను కొంతసేపు నాతో కూడ రండి.

1955లో అమెరికా దేశమందలి కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ అను నతడును మరి నలుగురును తాహో సరస్సు ప్రాంతమునుండి కొండలమీదుగా ఆబర్న్ పట్టణమువరకు నూరు మైళ్లు ఒక్క దినములో సవారి చేసిరి. ఈ కాలపు గుర్రములకు అంత సత్తువ లేదనువారికి అది వారి జవాబు. దానినుండియే టెవిస్ కప్పు అను పందెము పుట్టినది. నూరు మైళ్లనగా నూట అరువది కిలోమీటర్లు. గుంటూరులో బయలుదేరి, ఒంగోలు దాటి, ఉలవపాడు మామిడితోటల దరిదాపులకు చేరునంత దూరము. గడువు 24 గంటలు. బయలుదేరినవారిలో సుమారు సగము మందే గమ్యము చేరుదురు.

ఎస్తేరు గ్రంథములో రాజు తాకీదులను హిందూదేశము మొదలు కూషువరకు కొనిపోయిన అంచెవారిని మీరెరుగుదురు. పారసీకుల అంచెలలో గుర్రము అలసిన చోట మరియొక గుర్రము సిద్ధముగా నుండెడిది. ఈ పందెములో ఆ వీలు లేదు. ఎక్కిన గుర్రముతోనే ముగింపవలెను. కనుకనే దారి పొడవున పశువైద్యులు కాచుకొనియుందురు. ఒక్కొక్క మజిలీకి రాగానే రౌతు దిగి జీను విప్పి, గుర్రముపై నీళ్లు పోసి చల్లార్చును. వైద్యుడు గుండె చూచును. ఊరక నిలిచిన గుర్రపు గుండె నిమిషమునకు 30 మొదలు 40 సార్లు కొట్టుకొనును. పరుగులో అది 200 దాటగలదు. అంతర్జాతీయ నియమముల ప్రకారము నిర్ణీత నిమిషములలో అది 64కు దిగవలెను. దిగకున్న ఆ గుర్రము అక్కడనే ఆగవలెను. చిగుళ్ల రంగు చూతురు, మెడమీద చర్మమును గిల్లి వదలి ఎంతలో సర్దుకొనునో చూతురు, కడుపులో ప్రేగుల సవ్వడి విందురు, కొంచెము పరుగెత్తించి కుంటునేమో కనిపెట్టుదురు. అందరికంటె ముందు గమ్యము చేరినను, ఆ తరువాతి పరీక్షలో గుర్రము తప్పినయెడల రౌతుకు ఏమియు దక్కదు. లోకములోని పందెములలో ఇంత న్యాయమైన నియమము అరుదని నా అభిప్రాయము.

గుర్రము మనవలెనే ఒళ్లంతా చెమటోడ్చు జంతువు. ఎండలో గంటకు పది లీటర్లకు మించి చెమట పోవచ్చును. ఆ చెమట దాని రక్తముకంటె ఉప్పన. కాబట్టి ఉత్త నీళ్లు చాలవు, లవణములు కూడ ఇయ్యవలెను.

మా తండ్రి ఈ శాస్త్రమేదియు చదువలేదు. 1960 తరువాతి సంవత్సరములలో ఆయన నరసరావుపేటలో జట్కా తోలెడివాడు. ఒక వేసవి సాయంకాలము, కోటప్పకొండకు రెండు మారులు పోయివచ్చిన మా ఆడగుర్రమును విప్పుచుండగా మిరపకాయల వర్తకుడొకడు వచ్చి, బస్సు తప్పిపోయినది, చిలకలూరిపేటకు చేర్చుమనెను. రెట్టింపు బాడుగ యిచ్చెదననెను. మా తండ్రి గుర్రపు ఎడమ మోచేతి వెనుక అరచేయి ఆనించి కొంతసేపు నిలిచెను. పెదవి ఎత్తి చిగురును బొటనవ్రేలితో నొక్కి చూచెను.

"లేదు బాబుగారూ, ఈ పూట ఇది రాదు."

"నడుస్తానే ఉందిగదరా!"

"నడుస్తది బాబూ. తోలితే పడిపోయేదాకా నడుస్తది. అది ఆగదు గనకనే నేను ఆపాల."

వర్తకుడు తిట్టుకొనుచు వెళ్లిపోయెను. ఆ డబ్బు మా పుస్తకములకు కావలసియుండెను. రాత్రి మా తల్లి, "గుర్రానికి గడ్డేశావు. పిల్లలకేం పెడతావయ్యా?" అని అడిగెను. ఆయన బదులు చెప్పలేదు. ఆ యేడు నేను ప్రక్కయింటి పిల్లవాని పాత పుస్తకములతో చదివితిని. మా తల్లి మాట తప్పని నేను నేటికిని అనను. ఆమె లెక్కలో నలుగురు పిల్లలు, ఒక మూకుడు జొన్నపిండి ఉండెను.

మన ప్రాంతమునకు రైలు రాని దినములలో దొరలు గుర్రములపై తిరిగిరని మన పెద్దలు చెప్పుదురు. వారి వెంబడి గుర్రపువాడు కాలినడకను పరుగెత్తెడివాడు. అతని భార్య గడ్డి కోసి తెచ్చి, ఉలవలు ఉడికించి పెట్టెడిది. వారు చాలమట్టుకు మన పల్లెలవారే. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిన కొలదికాలమునకే, నలువది మైళ్ల దూరమునగల తాళ్లకొండపాడునుండి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చెను. ఆయన తోళ్ల పనివాడు. ఆయనకు గుర్రము లేదు. నల్లరేగడిలో వానకు ఒక్కొక్క అడుగు ఎంత బరువగునో, ఎండకు ఆ నేల నెఱ్ఱెలు విచ్చిన చోట కాలైనను గిట్టయైనను ఎట్లు దిగబడునో మీకు నేను చెప్పనక్కరలేదు.

కాలినడక అనగా మరియొకటి జ్ఞాపకము వచ్చినది. ఆ టెవిస్ పందెములో 1973లో గార్డీ ఐన్స్‌లీ అను యువకుని గుర్రము కుంటుటచేత దారిలో ఆగవలసివచ్చెను. మరుసటి యేడు అతడు గుర్రము లేకయే గుర్రములతో పాటు పరుగెత్తి, 23 గంటల 42 నిమిషములలో నూరు మైళ్లు ముగించెను. మన గుర్రపువాండ్రు విని నవ్వియుందురు!

మన దేశపు పేరును ఇందులో ఉన్నది. కేరళకు చెందిన నిదా అంజుం చేలాట్ అను యువతి 2023లో ఫ్రాన్సులో యువకుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తిచేసెను. 2024లో అదే దేశములో పెద్దల పోటీయందు 160 కిలోమీటర్లు ముగించెను. రెంటను ఆమెయే మొదటి భారతీయురాలు.

సంఖ్యాకాండములో బిలాము తన గాడిదను మూడు మారులు కొట్టెను గదా. దారిలో అడ్డముగా నిలిచినదానిని గాడిద చూచెను, ప్రవక్త చూడలేదు. ఆ కథను బాలుర బడిలో చెప్పునప్పుడు గాడిద మాటలాడిన ఆశ్చర్యమునే మనము పట్టుకొందుము. దానికి ముందు అది మూడు మారులు మాటలేకయే చెప్పినది. ప్రక్కకు తొలగినది, గోడకు ఒరిగినది, కూలబడినది.

సంక్రాంతికి మన యూళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు పందెములు జరుగును. రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి అని విడదీసి, గడువులో లాగిన దూరమును అడుగులలో కొలుతురు. టేపు పట్టువారు ఇద్దరుందురు, మైకువాడుండును, బహుమతి బల్లపై మెరయుచుండును. మీలో ఆ కమిటీలలో ఉన్నవారు లేకపోలేదు. ఈ సారి పశువైద్యుని ఒకరిని పిలిపించి, కొలత ముగిసిన అరగంటకు గిత్తల గుండె చూపించి, అది దిగినవారికే బహుమతి ఇత్తమని మీ పెద్దలతో ప్రస్తావించి చూడుడి. ఖర్చు ఎక్కువ కాదు. చెర్నాకోల ఎంత తక్కువగా లేచునో ఆ యేడే తెలియును.