డబ్బా మీది అంకె

ముదినేపల్లిలో కూర్చుని అద్దాల తొట్టి ముచ్చట్లేంటండీ అని నవ్వకండి. గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఎటు చూసినా చెరువులే, నిజమే. అయినా చెరువుల్లో శీలావతి, బొచ్చె పెంచే చేతులకి హాల్లో ఓ ఐదడుగుల తొట్టి పెట్టి ఆస్కార్లు పెంచాలని సరదా పుడుతుంది. ఆస్కార్ అంటే తెలుసుగా, మహా తిండిపోతు. తిన్నదానికి తగ్గట్టు తొట్టినీ పాడుచేస్తుంది. తొట్టి బయట డబ్బాలా ఉండే కానిస్టర్ ఫిల్టర్ బేరం అక్కడ మొదలవుతుంది.

ముందు లెక్క చూద్దాం. పొడవు ఐదు, వెడల్పు రెండు, ఎత్తు రెండడుగులు అంటే 20 ఘనపుటడుగులు. సుమారు 566 లీటర్లు పడతాయి. అంచు దాకా పొయ్యం కాబట్టి, ఇసుకా రాళ్లూ పోను 500 అనుకుందాం. నీరంతా గంటకి నాలుగైదు సార్లు ఫిల్టర్‌లోంచి తిరగాలని పెంపకందార్లు చెప్పే మాట. అంటే 2000 నుంచి 2500 లీటర్లు. ఈ మాట అనగానే షాపాయన 2500 అని అచ్చేసిన డబ్బా తీసి బల్ల మీద పెడతాడు. మీరు తొందరపడకండి. అది చాలాసార్లు ఖాళీ డబ్బాతో మోటారు తోసే నీటి లెక్క. లోపల స్పాంజి, రింగులు నింపి, రెండు వైపులా పైపులు తగిలించాక అంత రాదు. ఫ్లూవల్ కంపెనీవాళ్లు తమ ఎఫ్ఎక్స్6కి రెండు అంకెలూ ఇస్తారు: మోటారు తోసేది గంటకి 3500 లీటర్లు, ఫిల్టర్‌గా తిరిగేది 2130. ఒకే అంకె వేసిన డబ్బా కనిపిస్తే మూడో వంతు మనమే కోసేసుకోవడం మంచిది.

అసలు నన్నడిగితే ఆ అంకె రెండో సంగతి. మొదట అడగాల్సింది, లోపల మీడియా, అంటే ఆ స్పాంజీ రింగులూ, ఎన్ని లీటర్లు పడుతుందని. ఎందుకంటే నీళ్లు తేటగా కనబడటం స్పాంజి చేసే పని. చేప బతకడం మాత్రం బాక్టీరియా చేతిలో ఉంది. చేప వదిలే అమ్మోనియాని ఒక జాతి బాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఇవి నీళ్లలో తేలుతూ బతికేవి కావు, అంటిపెట్టుకోడానికి చోటు కావాలి. సిరామిక్ రింగులకి అన్ని బెజ్జాలు ఉండేది అందుకే. తొట్టి చూస్తే అద్దంలా ఉండి చేపలు చచ్చిపోతున్నాయంటే, చోటు చాలకో, బాక్టీరియా ఇంకా కుదురుకోకో అయ్యుంటుంది.

మనకి ఈ అమ్మోనియా కొత్త కాదు. చెరువుకైతే ఎండ ఉంది, ప్లాంక్టన్ ఉంది, ఎకరాల కొద్దీ అడుగు మన్ను ఉంది. అయినా మబ్బు పట్టిన తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే గట్టు మీద పరుగులే. తొట్టికి అవేవీ లేవు. ఉన్నదల్లా ఆ డబ్బా.

కొల్లేరు సరస్సు చేసే పనీ ఆ డబ్బా పనే, కాకపోతే భారీ ఎత్తున. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే ఒండ్రునీ మురికినీ కిక్కిస పొదల్లో ఆపుకుని, మిగిలిన నీటిని ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపుతుంది.

ఇక బిగింపు. డబ్బా ఎప్పుడూ తొట్టికి కింద ఉండాలి. నీళ్లు తమంతట తాము దిగుతాయి, మోటారు తిరిగి పైకి తోస్తుంది. పైపులు పొట్టిగా, మడత లేకుండా చూసుకోండి. నీళ్లు పీల్చే గొట్టం ఒక మూల, వదిలే గొట్టం ఎదుటి మూల పెట్టి, నీటి పైభాగం కదిలేలా వదలండి. ప్రాణవాయువు కలిసేది అక్కడే. పీల్చే గొట్టానికి నీటి మట్టం కింద నాలుగు వేళ్ల లోతున సన్నని బెజ్జం పెట్టుకోండి. ఎప్పుడైనా పైపు ఊడితే మట్టం ఆ బెజ్జం దాకా దిగగానే గాలి పట్టి ధార ఆగుతుంది, హాలంతా కొల్లేరు కాదు. డబ్బా మూత రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజే రాయాలి, వాజలైన్ రబ్బరుని పాడుచేస్తుంది. వైరు సాకెట్టు కన్నా కిందికి వేలాడి పైకి వెళ్లాలి, అప్పుడు కారిన చుక్క ప్లగ్గులోకి పోదు.

నీళ్ల సంగతీ ఉంది. మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. దానికి తోడు పీహెచ్ కూడా ఎక్కువైతే అమ్మోనియా ఇంకా విషం. 8 దగ్గర ఉండే ప్రమాదం 7 దగ్గర దాదాపు పదో వంతే. కాలవ నీళ్లు మేలు. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయేలా ఒకరోజు వెడల్పు మూతి డ్రమ్ములో ఉంచండి. మన దగ్గర ఆక్వా ల్యాబులకి కొదవా? చెరువు నీళ్లతో పాటు ఓ సీసాడు తొట్టి నీళ్లు కూడా పంపండి.

కొత్త ఫిల్టర్‌లో బాక్టీరియా కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది. తొందరగా కావాలంటే పాలకి తోడేసినట్టు, బాగా నడుస్తున్న తొట్టి స్పాంజి పిండిన నీళ్లు తెచ్చి కలపండి. చెరువు అడుగు మన్ను మాత్రం తేకండి, చేప పేను వెంటవస్తుంది.

కరెంటు పోతే ఏరేటర్‌కి జనరేటర్ పెట్టేవాళ్లం, 40 వాట్ల మోటారుకి ఇన్వర్టర్ ఇవ్వలేమా? మూసిన డబ్బాలో నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లో ప్రాణవాయువు అయిపోయి బాక్టీరియా దెబ్బతింటుంది. అందుకే రాత్రంతా కరెంటు లేకుండా ఉంటే, వచ్చాక ఆ డబ్బా నీళ్లు పారబోసి, కడిగి అప్పుడు ఆన్ చెయ్యండి. కడగడం కూడా తొట్టి నీళ్లతోనే, అదీ పైపైన. కుళాయి కింద తోమేశారో, నెల రోజుల శ్రమ క్లోరిన్ పాలు.

ఐదడుగుల తొట్టికి ఒక పెద్ద కానిస్టర్ కన్నా రెండు మధ్యరకంవే కొనండి. ఈ నెల ఒకదాన్ని, పై నెల రెండోదాన్ని కడగొచ్చు, ఒకటి మొరాయించినా రెండోది నడుస్తుంది. ఇంకో నాలుగు వేలు ఎక్కువైతే అవనీయండి, ఆస్కార్లు కొనే డబ్బులో తగ్గించుకోవచ్చు.