నీళ్లెక్కడికి పోతున్నట్టు?

మీ పాత కారు సంగతే కదా! వారానికోసారి బానెట్ లేపి రేడియేటర్లో అర లీటరు నీళ్లు పోస్తున్నారు, కింద చూస్తే నేల పొడిగానే ఉంది. గొట్టాలు బాగున్నాయి, వాటర్ పంపు దగ్గర తడి లేదు. ఇంతకీ ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నట్టు?

బయటికి కారకపోతే లోపలే పోతున్నాయి. సిలిండర్లోకి దిగి ఆవిరై సైలెన్సర్లోంచి పోతుండాలి. లేదా ఆయిల్లో కలుస్తుండాలి. లేదా సిలిండర్లో మండిన గ్యాసే నీళ్లదారిలోకి దూరి, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నీళ్లను రోడ్డు మీదికి తన్నేస్తుండాలి. మూడింటికీ మూలం చాలాసార్లు బ్లాకుకీ హెడ్‌కీ మధ్య నలిగే హెడ్ గ్యాస్కెట్టే. అందుకే మెకానిక్ మీ మాట సగం వినగానే "హెడ్ దింపాలండీ" అంటాడు. అతని అంచనా తప్పని అనను. కానీ పానా పట్టకముందే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి. వాటిని వదిలేసి హెడ్ దింపడం నాకు నచ్చదు.

ముందు రేడియేటర్ మూత మార్చి చూడండి. నవ్వకండి! ఆ మూతలోని స్ప్రింగు లోపల ఒత్తిడిని నిలబెడుతుంది. మూత మీద 0.9 అని ఉంటే, నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 118 దాకా మరగవన్నమాట. స్ప్రింగు సడలినా, రబ్బరు ఎండిపోయినా నీళ్లు ముందే మరిగి బయటికి పోతాయి, నింద మాత్రం గ్యాస్కెట్ మీద పడుతుంది.

మూత మార్చినా నీళ్లు తగ్గుతుంటే అప్పుడు డిప్ స్టిక్ లాగండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి వచ్చిందంటే అందులో నీళ్లు కలిసినట్టే. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కాస్త నురగ కనిపిస్తే హడలిపోనక్కర్లేదు. వానాకాలంలో బండిని వీధి చివరిదాకా తిప్పి ఆపేస్తుంటే అక్కడ చెమ్మ పడుతుంది. అనుమానం తీరకపోతే బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున కింద డ్రెయిన్ బోల్టును మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కదా, అడుగున చేరినవి ఉంటే ముందు అవే కారతాయి.

ఇక ప్లగ్గులు. ఉదాహరణకి మారుతి 800 తీసుకోండి. 796 సీసీ, మూడే సిలిండర్లు, మూడే ప్లగ్గులు. తీసి వరసగా గుడ్డ మీద పెట్టండి. రెండు లేత గోధుమ రంగులో ఉండి, మూడోది కడిగి పెట్టినట్టు తెల్లగా మెరుస్తుంటే దాని సిలిండర్లోకే నీళ్లు దిగుతున్నాయి. ఆవిరి రోజూ దాన్ని కడిగేస్తోంది మరి! చలికాలం పొద్దున సైలెన్సర్లో వచ్చే తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా అది ఆగకపోతేనే ఆలోచించాలి.

నాకు బాగా నచ్చిన పరీక్షకి పనిముట్టే అక్కర్లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పై గొట్టం పట్టుకోండి. నిమిషం తిరక్కుండానే అది రాయిలా బిగిసిందా? నీళ్లింకా వేడే ఎక్కలేదు కదా, ఆ ఒత్తిడి ఎక్కడిది? సిలిండర్లోంచి వచ్చిన గ్యాసుది. రూఢి చేసుకోవాలంటే ఒక నీలి ద్రవం దొరుకుతుంది. రేడియేటర్ మెడ దగ్గరి గాలిని దానిలోంచి పోనిస్తారు. మండిన గ్యాసు ఉంటే అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి పసుపు రంగుకి తిరుగుతుంది. పగుళ్లు మరీ సన్నవైతే చేతిపంపుతో రేడియేటర్లో మూత మీదున్న అంకె దాకా ఒత్తిడి పెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున ప్లగ్గులన్నీ తీశాకే సెల్ఫ్ కొట్టాలి, ఇది మరిచిపోకండి. నీళ్లు నలగవు. ప్లగ్గులు ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. తీసి తిప్పితే ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే అదే దొంగ. కాస్త పక్కకి నిలబడండి.

ఇవన్నీ ఒకవైపే చూపిస్తే హెడ్ దింపక తప్పదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బోల్టులు అంచుల నుంచి మధ్యకి వదులు చేసుకుంటూ రమ్మనండి. దింపేటప్పుడు మీరు దగ్గరుండి గ్యాస్కెట్ చూడండి. సిలిండర్ వలయం నుంచి నీళ్ల రంధ్రం దాకా నల్లటి చార కనిపిస్తే గ్యాసు ఆ దారినే పోయింది. హెడ్ మీద నీళ్ల రంధ్రాల అంచులు కూడా చూడండి, అల్యూమినియం గుంటలు గుంటలుగా తినేసి ఉంటుంది. ఆ పని మన బోరు నీళ్లదే! "మనకి మంచు పడుతుందా ఏం, కూలెంట్ ఎందుకు?" అనేవాళ్లు నాకు రోజూ తగులుతుంటారు. మంచు సంగతి వదిలేయండి, అందులో తుప్పుని ఆపే మందు ఉంటుంది. మనకి కావలసింది అదే. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. పిల్లలకీ కుక్కలకీ అందకుండా పెట్టండి.

హెడ్ వంగిందో లేదో స్కేలు, ఫీలర్ గేజ్ పెట్టి చూస్తారు. చిన్న ఇంజిన్లలో 0.05 మి.మీ. దాటితే లేత్ షాపులో ఫేసింగ్‌కి ఇవ్వాల్సిందే. పగుళ్లకి ప్రెషర్ టెస్ట్ కూడా అక్కడే చేయించండి. తిరిగి బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకి, విడతలుగా, టార్క్ రెంచితోనే. చేతి అంచనా చాలంటే ఒప్పుకోకండి. బోల్టు రంధ్రాల్లో నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే బిగింపుకి బ్లాకే పగలొచ్చు, గాలి కొట్టించండి. ఆయిల్లో నీళ్లు కలిసి ఉంటే కొత్త ఆయిల్ పోసి కాసేపు తిప్పి, అదీ పారబోసి మళ్లీ పోయాలి. లేదంటే బేరింగులు పోతాయి.

ఇంతా చేసి, గ్యాస్కెట్ ఎందుకు పోయిందో అడక్కుండా బండి తెచ్చేసుకుంటే మళ్లీ అదే షెడ్డుకి వెళ్తారు. ఫ్యాన్ తిరగట్లేదేమో, రేడియేటర్ సగం పూడిపోయిందేమో చూడమనండి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, మరి హెడ్ ఎంత? థర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుందని చెప్పే మెకానిక్‌కి దండం పెట్టి వచ్చేయండి. అది లేకపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు కొన్నాళ్లు దాక్కుంటుంది. రేడియేటర్లో పసుపు వేయడమూ అలాంటిదే. సన్న చిల్లు పూడుతుంది, వెంటే గొట్టాలూ పూడతాయి. దారి మధ్యలో టెంపరేచర్ ముల్లు పైకెక్కితే హీటర్ ఫుల్లుగా పెట్టి బండి పక్కకి తీయండి. మే నెలలో హీటరేంటని తిట్టుకున్నా సరే, కొంత వేడిని అది లాగేస్తుంది.

హెడ్ కాదు, బ్లాకే పగిలిందని తేలిందా? అప్పుడు గ్యాస్కెట్ మీద రూపాయి కూడా పెట్టకండి. విజయవాడ ఆటోనగర్లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వెతకొచ్చు. కాకపోతే ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోవాలి, ఆర్టీఏ వాళ్లు కొన్న కాగితం అడుగుతారు. అది చేతికి రాకుండా అమ్మినవాడికి డబ్బులివ్వకండి.