చెయ్యి చాపితే అందాలి

పిల్లలూ! కోనసీమ పటం ఎప్పుడైనా చూశారా? మూడు మూలల పలకలాగా ఉంటుంది. ఒక వైపు గౌతమి, ఇంకొక వైపు వసిష్ఠ, మూడో వైపు సముద్రం. మధ్యలో వైనతేయ అనే గోదావరి పాయ కూడా ఒకటి పారుతున్నది. రాజమహేంద్రవరం నించి బస్సులో బయలుదేరి, రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటామంటే కోనసీమలో అడుగుపెట్టినట్టే.

కిందటి సంక్రాంతికి మూడు రోజుల ముందు నేనూ, మా మేనల్లుడూ అలా వంతెన దాటి అంబాజీపేట వెళ్ళాం. మావాడు ఏడో తరగతి చదువుతున్నాడు. తెలివిగలవాడే గాని వాడి పెన్సిలు ఒక చోట ఉంటే, రబ్బరు మరొక చోట ఉంటుంది. లెక్కలు చేయటానికి పది నిమిషాలు పడితే, వృత్తలేఖిని వెతకటానికి పావుగంట పడుతుంది.

అంబాజీపేట అమలాపురానికి దగ్గరే. 2022 లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఇది ఒక మండల కేంద్రం. కొబ్బరి బేరానికి ఈ ఊరి పేరు ఆంధ్రదేశమంతటా తెలుసు. ఎటు చూసినా కొబ్బరికాయల రాసులే. ఇక్కడ కొబ్బరి మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఉన్నది. ‘గోదావరి గంగ’ అనే సంకర జాతి కొబ్బరి అక్కడ పుట్టిందే.

ఒక కొట్టు ముందు కాయలు వలుస్తున్నారు. నేలలో నిలువుగా పాతిన ఇనపకమ్మి ఒకటి ఉన్నది. దాని పై కొస ఈటె మొనలాగా ఉన్నది. వలిచే మనిషి కాయను రెండు చేతులా పట్టుకుని ఆ మొన మీద పొడుస్తాడు, పక్కకు తిప్పుతాడు. డొక్క ఊడి వస్తుంది. మూడు నాలుగు పోట్లతో కాయ వలవటం అయిపోతుంది. వలవని కాయలు ఆయన ఎడమ పక్కనే ఉన్నాయి. డొక్కలు ముందుకు పడుతున్నాయి. వలిచిన కాయ కుడి పక్కకు దొర్లుతున్నది. ఆయన నిలబడిన చోటు నించి ఒక్క అడుగు కూడా కదలలేదు!

“చెట్టెక్కి కాయలు దింపే ఆయన కత్తి ఎక్కడ పెట్టుకుంటాడో తెలుసా?” అని మావాణ్ణి అడిగాను.

“నడుముకు,” అన్నాడు వాడు.

“ఎందుకు?”

“పైకెక్కాక కత్తి కింద మరిచిపోతే మళ్ళీ దిగాలి గదా మావయ్యా!”

నిజమే. పనిముట్టు చేతికి అందకపోతే ఎంత నష్టమో కొబ్బరిచెట్టు మీద ఉన్నవాడికి బాగా తెలుస్తుంది. నేల మీద ఉన్నవాళ్ళకు అంత తొందరగా తెలియదు.

వలిచిన డొక్కలు వృథా పోవు. వాటిని యంత్రంలో వేసి పీచు తీస్తారు. కొబ్బరిపీచు చిత్రమైన వస్తువు. దానిలో లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. చెట్ల కలపకు గట్టితనం ఇచ్చేది ఈ లిగ్నినే. అందువల్ల పీచు త్వరగా కుళ్ళదు, ఉప్పునీటికి కూడా తట్టుకుంటుంది. ఓడలకు కొబ్బరితాళ్ళు వాడింది అందుకే. పైగా పీచును నొక్కి వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. ఈ గుణం వల్లనే అది పరుపుల్లోకీ, సోఫాల్లోకీ వెళ్ళింది. పీచును మెలికలు తిప్పి, దాని మీద రబ్బరు పాలు చల్లి, వేడి చేసి గట్టిపరిస్తే రబ్బరు పీచు పరుపు తయారవుతుంది.

“అయితే సోఫా ఎలా చేస్తారో చూద్దాం,” అన్నాడు మావాడు. బజారు చివర సోఫాలు కుట్టే కొట్టు ఒకటి ఉంటే అక్కడికి వెళ్ళాం.

మేస్త్రీకి అరవై ఏళ్ళుంటాయి. ఆయన దగ్గర ఇరవై ఏళ్ళ కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు.

“రండి బాబూ, కూర్చోండి. మాట్లాడుతూనే పని చేసుకుంటానండి. ఈ సోఫా రేపు పొద్దున్నే వెళ్ళిపోవాలి. ఆ ఇంటికి భోగికి పిల్లలందరూ వస్తున్నారట,” అన్నాడు మేస్త్రీ.

సోఫా సీటు లోపల ఎన్ని పొరలుంటాయో మేం ఆ రోజు చూశాం. అన్నిటికన్న కింద నవారు పట్టీలు. వాటి మీద స్ప్రింగులు. స్ప్రింగులు అటూ ఇటూ జరగకుండా పురికొసతో ఒకదానికొకటి కట్టుతారు. వాటి మీద గోనెగుడ్డ. దాని మీద కొబ్బరిపీచు. పీచు గుచ్చుకోకుండా పైన దూది. దూది మీద పలచని గుడ్డ, ఆ పైన మనకు కనిపించే రంగు గుడ్డ.

ఈ పనికి పనిముట్లు చాలా కావాలి. చిన్న సుత్తి, కత్తెర, నవారు బిగలాగే కొయ్య, పాత మేకులు పెరికే ఉలి, పీచు సర్దటానికి పొడవాటి ఇనప ముల్లు, దబ్బనం, అరచందమామలాగా వంగిన వంకర సూది. తిన్నని సూది ఒక వైపు నించి గుచ్చితే రెండో వైపు నించి లాగాలి. సోఫాకు రెండో వైపు చెక్క ఉంటుంది గదా! వంకర సూది అయితే గుచ్చిన వైపునే పైకి తేలుతుంది.

మావాణ్ణి ఆకర్షించింది మాత్రం పనిముట్లు పెట్టిన పద్ధతి. వడ్రంగి బల్ల దగ్గర నిలబడి పని చేస్తాడు గనక గోడకు తగిలించుకుంటే చాలు. సోఫా పని అలా కాదు. దాని చుట్టూ తిరగాలి. అందుకని మేస్త్రీ నాలుగు చక్రాల చట్రం ఒకటి చేయించాడు. దానికి నడుమెత్తున ఒక పలక ఉన్నది. పలక మీద పదకొండు పనిముట్ల ఆకారాలు తెల్లరంగుతో గీసి ఉన్నాయి. ఏ గీత మీద ఆ పనిముట్టే తగిలిస్తారు. మేస్త్రీ ఎటు జరిగితే అటు చట్రాన్ని కాలితో తోసుకుంటాడు. కళ్ళు గుడ్డ మీదనే ఉంటాయి. చెయ్యి వెనక్కు వెళ్ళి ఉలిని అందుకుని వస్తుంది!

ఎప్పుడూ కావలసిన కత్తెర, సుద్ద, టేపు మాత్రం ఒంటికి కట్టుకున్న గుడ్డసంచిలో ఉన్నాయి. కుర్రవాడు ఎడమచేతి వాటంవాడు గనక వాడి సంచీ ఎడమ పక్కన ఉన్నది. ఎప్పుడో గాని అవసరంరానివి మూల పెట్టెలో ఉన్నాయి.

“మరి మేకులు ఎక్కడండీ?” అన్నాడు మావాడు.

మేస్త్రీ నవ్వి, “మా గురువుగారు నోట్లో పోసుకునేవారు బాబూ,” అన్నాడు.

అది వేళాకోళం కాదు. అమెరికాలోనూ, ఐరోపాలోనూ కూడా సోఫాలు కుట్టేవారు ఇలాగే చేసేవారు. ఒక చెయ్యి గుడ్డను బిగలాగి పట్టుకోవాలి, రెండో చేతిలో సుత్తి. ఇక మేకు పట్టుకునేందుకు మూడో చెయ్యి ఏదీ? అందుకని మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చేవారు. సుత్తికి ఒక కొసన అయస్కాంతం ఉంటుంది. అది మేకును అందుకుంటుంది. నోటికన్న దగ్గర చోటు ఏముంటుంది? కాని తుమ్మో, దగ్గో వస్తే ఏమవుతుందో ఆలోచించండి! దగ్గరగా ఉంటే చాలదు, ప్రమాదం లేకుండా ఉండాలి. మీరెవరూ గుండుసూది అయినా నోట పెట్టకండి. మా మేస్త్రీ మణికట్టుకు అయస్కాంతపు పట్టీ కట్టుకున్నాడు. మేకులు దానికే అంటుకుని ఉంటాయి. ఇప్పుడు చాలా చోట్ల గాలితో పిన్నులు కొట్టే గన్ను కూడా వచ్చింది.

పనిముట్లు అందుబాటులో ఉంటే ఎంత లాభమో లెక్క కట్టి చూసినవారున్నారు. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన 1885 లో, పదిహేడేళ్ళ వయసున, తాపీపనిలో చేరాడు. ఒక్కొక్క ఇటుక కోసం పనివాడు నేలకు వంగి లేస్తున్నాడు. అంటే ఇటుక బరువుతో పాటు తన ఒంటి బరువును కూడా రోజల్లా ఎత్తుతున్నాడన్నమాట! గిల్‌బ్రెత్ ఇటుకలనూ, అడుసునూ చేతికందే ఎత్తున ఉంచే పరంజా తయారుచేశాడు. ఇటుక పేర్చటానికి అంతకుముందు 18 కదలికలు అవసరమైతే, తరువాత నాలుగున్నర చాలాయి. గంటకు 120 ఇటుకలు పేర్చేవారు 350 దాకా పేర్చగలిగారు. ఎవరూ పరుగులు పెట్టలేదు. అనవసరంగా వంగటం మానారు, అంతే.

మేం ఇలా మాట్లాడుకుంటూండగానే సాయంకాలమయింది. సోఫా పూర్తి అయింది. దీపం ఆర్పే ముందు మేస్త్రీ పలక వంక చూశాడు. చూసి, అలాగే ఆగిపోయాడు.

పదకొండు గీతలున్నాయి. పనిముట్లు పదే ఉన్నాయి. వంకర సూది గీత ఖాళీ!

“ఒరే అబ్బాయ్, సూది ఏదిరా?”

“నేను ఉదయమే తగిలించానండి,” అన్నాడు కుర్రవాడు. కర్రకు కట్టిన అయస్కాంతంతో నేలంతా వెతికాడు. మేకులు దొరికాయిగాని సూది దొరకలేదు.

మేస్త్రీ సోఫా ముందు నిలబడి, “ఇది ఇలా పంపటానికి వీల్లేదు. పిల్లలు ఎగిరి దీని మీద కూర్చుంటారు,” అన్నాడు.

నా పక్కన మావాడి ముఖం పాలిపోయింది. వాడు నా చొక్కా పట్టుకుని, “మావయ్యా, ఆ సూది నేనే తీశాను. చూసి, పీచు మీద పెట్టాను. తరువాత మరిచిపోయాను,” అన్నాడు. వాడి గొంతు సరిగా రాలేదు.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కాని మేస్త్రీ వాణ్ణి ఒక్క మాట అనలేదు. “ఎక్కడ పెట్టావో గుర్తుందా బాబూ?” అని మాత్రం అడిగాడు.

“ఈ పక్కనండీ.”

మళ్ళీ ఉలి తీశాడు. మేకులు ఒక్కొక్కటే పెరికాడు. మావాడు దీపం పట్టుకుని, ఊడిన మేకులను డబ్బాలో వేస్తూ లెక్కపెట్టాడు. రంగు గుడ్డ ఎత్తారు. పలచని గుడ్డ ఎత్తారు. దూది పొరను నెమ్మదిగా మడిచారు. పీచులో దిగబడి, మొన పైకి పెట్టి నిలబడి ఉన్నది వంకర సూది. పైకి దూది మెత్తగానే కనిపించింది. ఎవరైనా గట్టిగా కూర్చుంటే ఆ దూది ఆపేదేనా?

సీటు తిరిగి బిగించేసరికి రాత్రి తొమ్మిది దాటింది. సూదిని మావాడే తీసుకుపోయి దాని గీత మీద తగిలించాడు.

“బాబూ, నీ మాట లేకపోతే సీటంతా ఊడదీసేవాణ్ణి,” అన్నాడు మేస్త్రీ. “గీత ఖాళీగా ఉన్నది గనక సూది పోయిందని తెలిసింది. నువ్వు చెప్పావు గనక ఎక్కడ ఉన్నదో తెలిసింది.”

ఆస్పత్రుల్లో కూడా ఇదే పద్ధతి ఉన్నది. ఆపరేషను ముగించి కుట్లు వేసే ముందు సూదులనూ, కత్తెరలనూ, గుడ్డలనూ లెక్కపెడతారు. లెక్క తప్పితే వెతుకుతారు. దేనికి ఒక చోటున్నదో అది పోయినప్పుడు ఆ చోటే చెబుతుంది. చోటు లేని వస్తువు పోయినట్టు కూడా తెలియదు.

మీరు కూడా ఒక పరీక్ష చేసి చూడండి. బల్ల మీద పాత కాగితం పరిచి, దాని ముందు కూర్చోండి. మోచేతులు ఒంటికి ఆనించి, చేతిలో సుద్ద పట్టుకుని ముంచేతిని మాత్రం తిప్పుతూ గీత గీయండి. చిన్న వంపు వస్తుంది. తరువాత చెయ్యి పూర్తిగా చాపి మరొక గీత గీయండి. పెద్ద వంపు వస్తుంది. మాటిమాటికీ కావలసినవి చిన్న వంపులో, అప్పుడప్పుడు కావలసినవి రెండు వంపుల మధ్యా పెట్టండి. తక్కినవి బీరువాలో ఉండనివ్వండి. అమ్మ వంటింట్లో పోపులపెట్టె ఎక్కడ ఉంటుందో చూస్తే ఈ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసునని మీకే అర్థమవుతుంది.

మావాడు ఇంటికి వెళ్ళగానే ఒక అట్ట మీద పెన్సిలుకూ, కత్తెరకూ, వృత్తలేఖినికీ గీతలు గీసి బల్ల పక్కన తగిలించాడు. మొన్న నాకు ఫోను చేశాడు.

“మావయ్యా, పడుకోబోతూ చూస్తే వృత్తలేఖిని గీత ఖాళీగా ఉంది.”

“మరి దొరికిందా?”

“దొరికింది. చెల్లాయి కుర్చీ మీద ఉంది,” అన్నాడు.