గోడ అవతలికి వినపడని గాలి మిషన్

పోయిన వారం నేను పెట్టిన ఎద్దు బొమ్మ ఫొటో చూసి చాలామంది అడిగారు, "మూపురం మీద ఆ బూడిద రంగు తెలుపులోకి అట్టా ఎట్టా కలిపావు బాబాయ్" అని. కుంచెతో కాదండీ, గాలితో కలిపా. ఎయిర్ బ్రష్ అంటారు. లావుపాటి పెన్నంత ఉండే స్ప్రే గన్ను. పైన చిన్న గిన్నెలో రంగు పోస్తాం, కింద గొట్టంలోంచి గాలి వచ్చిద్ది, మీట నొక్కితే రంగు మంచులాగా పడిద్ది. పెన్ను సంగతి తేలికే. దానికి గాలి ఇచ్చే కంప్రెసర్ ఏది కొనాలన్న దగ్గరే నేను డబ్బులు పోగొట్టుకున్నా, ఇంట్లో మాటా పడ్డా. మీలో ఎవరైనా వినాయక విగ్రహాలకో, పిల్లల బొమ్మలకో ఇలాంటిది కొనాలనుకుంటే నాలాగా పొరపాటు చేయొద్దని ఇది రాస్తన్నా.

ముందు నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి. మాది ఇబ్రహీంపట్నం, పక్కనే కొండపల్లి. అక్కడి బొమ్మలు చూస్తా పెరిగినోళ్లమే. తెల్ల పొణికి కర్ర ఆరబెట్టి, చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, తెల్లసుద్ద పూసి, ఆ పైన రంగులు వేస్తారు. నాకు వాళ్ల పనితనం రాదు. నేను చేసేది కొండపల్లి బొమ్మ అని ఎవరికీ చెప్పను కూడా. ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు ఉంది, అది వాళ్ల అన్నం. వాళ్ల దగ్గరే కాసిని కర్ర ముక్కలు తెచ్చుకుని, పొలం పని లేని రోజుల్లో ఎడ్లబండ్లు, ఎడ్లు చేసుకుంటా, అంతే.

మరి కుంచె ఎందుకు వదిలానంటే, ఆరేళ్ల కిందట చాఫ్ కట్టర్లో కుడిచేతి రెండు వేళ్లు నలిగినయ్. వేళ్లు ఉన్నాయి గానీ కొనల్లో స్పర్శ లేదు. సన్న కుంచె పడితే వణుకు. ఒంగోలు గిత్తకి ఒళ్లంతా తెలుపే అయినా మెడ మీద, మూపురం మీద బూడిద నలుపు ఉంటది చూడండి, అది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో గీత కనపడదు. నా వణికే చేతితో అది మసి గుడ్డతో తుడిచినట్టు వచ్చేది. మా నాన్న ఎడ్ల జత అమ్మేసి ముప్పై ఏళ్లు. ఆ జతను చేసి మా అమ్మకి చూపించాలని నా ఆశ. చేసి చూపిస్తే, "ఇది మన రాముడు కాదురా, ఎవరిదో" అంది. ఆ మాట పట్టుకుని మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఎయిర్ బ్రష్ పెన్ను కొని పంపాడు. దానికి వేళ్ల కొనలతో పని లేదు, చూపుడు వేలి కణుపుతో మీట నొక్కినా చాలు.

కంప్రెసర్ నువ్వే చూసుకో నాన్నా అన్నాడు. నేనేమో రైతు బుద్ధి. మోటారు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకున్నా. సెకండ్‌హ్యాండ్‌లో నాలుగున్నర వేలకి బెల్టు మిషన్ ఒకటి తెచ్చా, పంక్చర్ షాపులో ఉండేలాంటిది.

ఇక్కడే మొదటి తప్పు. మనం మందు కొట్టేటప్పుడు చూస్తాం కదా, నాజిల్ రంధ్రాన్ని బట్టే ఎంత ప్రెషర్ కావాలో, ఎంత నీళ్లు కావాలో ఉంటది. ఎయిర్ బ్రష్ నాజిల్ రంధ్రం 0.3 మిల్లీమీటర్లు. దానికి 15 నుంచి 30 పీఎస్ఐ గాలి సరిపోద్ది, అంటే మన మోటార్ సైకిల్ టైరులో ఉండే గాలంత. నిమిషానికి పది, పదిహేను లీటర్ల గాలి వస్తే ఎక్కువ. లారీ టైరుకి గాలి కొట్టే మిషన్ దీనికెందుకు? గంట కొట్టి గింజ పగలగొట్టడానికి రోకలి తెచ్చినట్టయింది.

రెండో తప్పు చప్పుడు. మా ఇల్లు, మా తమ్ముడి ఇల్లు ఒకటే గోడ. నాన్న పోయాక పంచుకున్న ఇల్లు. పొలం గట్టు దగ్గర మా ఇద్దరికీ రెండేళ్లు మాటల్లేవు. పెద్దమనుషులు కూర్చుని సర్ది చెప్పాక ఈ మధ్యే మళ్లీ పలకరింపులు మొదలైనయ్. వాళ్ల అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, పరీక్షలు దగ్గర పడ్డాయి. నేనేమో పగలు పొలం, రాత్రి ఎనిమిది తర్వాతే బొమ్మల దగ్గర కూర్చునేది. మొదటి రోజు స్విచ్ వేయగానే ఇల్లంతా దడదడలాడింది. వెనక గదిలో అమ్మ ఉలిక్కిపడి లేచింది. రెండో రోజు గోడ అవతల నుంచి మరదలు గట్టిగా తలుపు వేసిన చప్పుడు వినపడింది. మూడో రోజు తమ్ముడే వచ్చి, గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, పిల్ల చదువుకోవద్దా?" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలా. గట్టు తగాదా మళ్లీ మొదలైద్దేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా. తెల్లారే మిషన్ మీద గోనెసంచి కప్పేశా.

మీరనొచ్చు, "మీది హైవే మీద ఊరు, లారీల మోతకి అలవాటు పడినోళ్లు, దీనికేనా" అని. అదే తేడా. దూరంగా లారీలు ఒకే తీరుగా పోతా ఉంటే చెవి దాన్ని పట్టించుకోదు. పక్క గదిలో మోటారు ఆగి, మళ్లీ ఉన్నట్టుండి మొదలైతే గుండె జల్లుమంటది.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నా. చప్పుడుని డెసిబెల్‌లో కొలుస్తారు. ఇది మన కాటా లెక్క కాదు. పది డెసిబెల్ పెరిగితే చప్పుడు బలం పది రెట్లు పెరిగినట్టు, చెవికి రెండింతలు అనిపిస్తది. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం జనం నివాసం ఉండే చోట పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదు. ఫోన్‌లో కొలిచే యాప్ పెట్టుకుని నా పాత మిషన్ దగ్గర చూస్తే 80 పైన చూపించింది. యాప్ అంకె కచ్చితం కాదు గానీ, రెండు మిషన్లని ఒకే చోట పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తది.

ఇక మార్కెట్లో ఏమున్నాయంటే, పెన్నుకే తగిలించే చిన్న బ్యాటరీ మిషన్లు ఉన్నాయి, రెండు వేల లోపే. చప్పుడు తక్కువే, గాలీ తక్కువే. బ్యాటరీ కాసేపే. గోళ్లకి, కేకులకి పనికొస్తాయి, చిక్కటి రంగు తోయలేవు. తర్వాత ట్యాంకు లేని చిన్నవి. వీటిలో గాలి నేరుగా పెన్నుకి పోద్ది, మోటారు కొట్టుకున్నట్టే గాలీ కొట్టుకుంటది, సన్న గీత వేస్తే అది చుక్కలు చుక్కలుగా కనపడే వీలుంది. పైగా మనం రంగు వేసినంత సేపూ మోటారు తిరగాల్సిందే, వేడెక్కిద్ది. ఆ పైన పళ్ల డాక్టర్లు వాడే ఆయిల్ లేని సైలెంట్ మిషన్లు. మంచివే గానీ పెద్దవి, ధర కూడా నా చేతికి అందలా.

ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకునేది కూడా ఉంది. దీని మీద నాకు బాగా మనసు పోయింది. ఫ్రిజ్ రాత్రంతా ఇంట్లో నడుస్తానే ఉంటది, ఎవరికీ నిద్ర చెడదు కదా. పాత ఫ్రిజ్ పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికిద్ది. కానీ మా ఊరి ఫ్రిజ్ మెకానిక్ వద్దన్నాడు. లోపలి గ్యాసు కొన్నిటిలో మంట అంటుకునే రకం, తెలిసినోడే తీయాలి. అందులో ఆయిల్ ఉంటది, ఫిల్టర్ లేకపోతే ఆ ఆయిల్ గాలితో వచ్చి రంగు మీద చుక్కలు పడతాయి. ట్యాంకులో గాలి నిండి ఉంటే ఆ మోటారు మళ్లీ స్టార్ట్ అవలేక మూలిగిద్ది. అన్నిటికంటే ముఖ్యం, ట్యాంకు కోసం తుప్పు పట్టిన పాత సిలిండరు ఏదో తగిలించి, సేఫ్టీ వాల్వు పెట్టకపోతే అది బాంబే. పని తెలిసినోళ్లు చేసుకోండి. నేను దణ్ణం పెట్టి ఊరుకున్నా.

చివరికి తీసుకున్నది ఆయిల్ లేని చిన్న పిస్టన్ మిషన్, మూడు లీటర్ల ట్యాంకుతో. ఒక హెచ్‌పీలో ఆరో వంతు మోటారు. బరువు అయిదు కిలోల పైచిలుకు. గాలి నాలుగు బార్‌కి చేరగానే దానంతటదే ఆగిపోద్ది, మూడుకి దిగితే మళ్లీ మొదలైద్ది. పాతది మూడు వేలకి అమ్మి, పైన వేసుకుని, ఎనిమిది వేల ఆరు వందలకి కొన్నా. ఆ ఏడు మామిడి కాయ మీద వచ్చిన డబ్బులోంచి తీశా. మా ఆవిడ వారం రోజులు సూటిగా చూడలా.

కొనేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బెజవాడలో కొట్టువాడు రోడ్డు మీదే స్విచ్ వేసి, "చూడండి, చప్పుడే లేదు" అన్నాడు. ఆ ట్రాఫిక్‌లో ట్రాక్టరు స్టార్ట్ చేసినా వినపడదు! వెనక గోడౌన్లో పెట్టి, తలుపు మూసి వేయమన్నా. అప్పుడు తెలిసింది దాని అసలు గొంతు. అట్టపెట్టె మీద 47 అని ఉంది. ఎంత దూరం నుంచి కొలిచారో రాసి లేదు. దూరం పెరిగితే అంకె తగ్గిద్ది కాబట్టి అది తెలియకపోతే ఆ అంకెకి విలువ లేదు. గోడౌన్లో నేను పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే అవతల మా ఆవిడకి నా మాట అర్థమైంది. నాకు ఆ పరీక్ష చాలు.

ఇంటికి తెచ్చాక కూడా మొదట గోడకి సన్నగా గుయ్యిమని వినపడింది. బల్ల మీద పెట్టా, బల్ల గోడకి ఆనింది, అదీ కారణం. నేల మీదికి దించి, పాత ట్రాక్టర్ ట్యూబు ముక్క రెండు మడతలేసి కింద పరిచా, సగం తగ్గింది. కొంతమంది చెక్కపెట్టెలో పెట్టి మూసేస్తారు, అది చేయొద్దు, గాలి ఆడక మోటారు కాలిద్ది. ఇంకోటి, నేను రంగు వేయకుండా ఊరికే కూర్చున్నా మోటారు మాటిమాటికీ మొదలయ్యేది. గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూస్తే బుడగలు. టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుడితే పోయింది. నిజానికి ఆపకుండా కొడితే మూడు లీటర్ల గాలి నిమిషం కూడా రాదు. కానీ బొమ్మకి ఎవరూ ఆపకుండా కొట్టరు. కాస్త కొట్టి, తిప్పి చూసి, మళ్లీ కొడతాం. ఆ చూసుకునే టైములో మోటారు పడుకునే ఉంటది. ట్యాంకుకి పెట్టిన డబ్బు అందుకే.

వానాకాలం మన గాలిలో చెమ్మ ఎక్కువ. నీళ్లు పట్టే ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే రంగులో నీటి చుక్కలు. పని అయ్యాక ట్యాంకు కింద మర విప్పి నీళ్లు వదలండి, లోపల తుప్పు పట్టకుండా. ఓల్టేజీ పడిపోయినప్పుడు వేయొద్దు, మోటారు తిరగక గుయ్యిమంటా కాలిపోద్ది, బోరు మోటార్లతో మనకి తెలియంది కాదు. ఇంకో సంగతి, మందు కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోక మనం ఎంత అనుభవించామో తెలుసు. ఇదీ మంచే, లోపలికి పోయేదే. నీళ్ల రంగులే వాడండి, మాస్కు పెట్టుకోండి, కిటికీ తీయండి. థిన్నర్ కలిపే రంగు మూసిన గదిలో, మోటారు పక్కన అసలు వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి పని చేసుకుంటన్నా. తమ్ముడు గోడ అవతల నుంచి పిలిచాడు. "అన్నయ్యా, ఆ మిషన్ అమ్మేశావా ఏంది, ఈ మధ్య వినపడట్లా." లేదురా, నడుస్తానే ఉందన్నా. కాసేపటికి బండి తోసుకుంటా వచ్చాడు, ముందు టైరులో గాలి తగ్గిందంట. కొట్టి ఇచ్చా. చిన్న మిషన్ కదా, టైరు నిండటానికి చాలాసేపు పట్టింది. ఈలోపు వాడు బల్ల మీద బొమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "రాముడికి ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉండేది" అన్నాడు. నాకు గుర్తు లేదు. కొమ్ము మళ్లీ చెక్కుతన్నా, అయ్యాక అమ్మకి చూపించి ఫొటో పెడతా.